పుట్టుమచ్చ మారుతోందా? అరికాలు కూడా చూసుకోండి



పదో తరగతి సర్టిఫికెట్లో గుర్తింపు చిహ్నాలుగా పుట్టుమచ్చలనే రాయిస్తాం, అవి మారవన్న నమ్మకంతో. ఆ నమ్మకం చాలావరకు నిజమే. చర్మానికి రంగునిచ్చే కణాలు ఒకచోట గుమిగూడితే పుట్టుమచ్చ అవుతుంది. దానివల్ల హాని లేదు.

కొన్నిటి తీరు వేరు. అంచు చెదిరి, ఒకవైపు గోధుమ, మరోవైపు నలుపు రంగులో ఉంటాయి. వీటిని డాక్టర్లు అసాధారణ పుట్టుమచ్చలంటారు. ఇవీ చాలావరకు కేన్సర్ కావు. కానీ ఒంటినిండా ఇలాంటివి ఉన్నవారికి, రక్తసంబంధీకుల్లో ఎవరికైనా మెలనోమా అనే చర్మ కేన్సర్ వచ్చినవారికి ఆ కేన్సర్ ముప్పు ఎక్కువ.

మన చామనఛాయ ఎండనుంచి కొంత కాపాడుతుంది. అందుకే మెలనోమా మనలో అరుదు. వస్తే మాత్రం ఎండ పెద్దగా తగలని అరికాల్లో, అరచేతిలో, గోటికింద వస్తుంటుంది. జమైకా గాయకుడు బాబ్ మార్లీకి కాలి వేలిగోటి కిందే వచ్చింది. మొదట ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బ అనుకున్నారు. 1981లో, 36 ఏళ్లకే ఆయన కన్నుమూశారు.

మన కోనసీమలో ఊడ్పులకు దిగినా, కొబ్బరి దింపుకి వెళ్లినా వట్టికాళ్లే. అరికాల్లో నల్లమచ్చ కనబడితే ముల్లు విరిగిందనో, ఆనెకాయనో వదిలేస్తాం. అక్కడే ఆలస్యం జరుగుతుంది. గోటికింద గడ్డకట్టిన నెత్తురైతే గోరు పెరిగేకొద్దీ ముందుకు జరిగిపోతుంది. జరగకుండా నల్లచారగా నిలిచి, వెడల్పవుతూ, పక్క చర్మానికి పాకితే అనుమానించాలి.

నెలకోసారి స్నానమయ్యాక ఒళ్లంతా చూసుకోండి. వీపు, అరికాళ్లు ఇంట్లోవాళ్లను చూడమనండి. మచ్చ రెండు సగాలూ ఒకేలా లేకపోయినా, అంచు వంకరపోయినా, రంగులు కలగలిసినా, 6 మిల్లీమీటర్లు దాటినా, కొత్తగా పెరుగుతున్నా, దురదపెట్టినా, నెత్తురు కారినా చర్మవైద్యుడికి చూపించాలి. అన్నిటికన్నా ముఖ్యం మార్పు.

సున్నం, చాకలిసోడా పెట్టి మచ్చను కాల్చకండి. పైన మాడినా లోపల జబ్బు మిగిలిపోవచ్చు, పరీక్షకు ఆనవాలూ దొరకదు. కత్తి పెడితే కేన్సర్ పాకుతుందన్నది అపోహ. అనుమానం ఉన్న మచ్చను తీసి పరీక్షిస్తేనే జబ్బు తేలుతుంది. పలచగా ఉండగానే తీసేస్తే చాలామందికి పూర్తిగా నయమవుతుంది. లోతుకు దిగితే వైద్యం కష్టం.

అమలాపురం కిమ్స్‌లోనూ, కాకినాడ ప్రభుత్వాసుపత్రిలోనూ చర్మవైద్యులు ఉన్నారు. అమ్మలారా, అయ్యలారా, ఈ రాత్రి పడుకునేముందు మీ అరికాళ్లు, ఇంట్లో పెద్దవాళ్ల అరికాళ్లు ఒక్కసారి దీపం వెలుతుర్లో చూడండి. మారుతున్న మచ్చ కనబడితే వారం తిరక్కుండా డాక్టరు దగ్గరకు వెళ్లండి.