సారమేయుని మొఱ



మహాభారతమున ఆదిపర్వారంభముననే ఒక కుక్కపిల్ల యేడ్పు వినవచ్చుచున్నది. జనమేజయ మహారాజు కురుక్షేత్రమున దీర్ఘసత్త్రము చేయుచుండగా అది యాగశాలకు వచ్చెను. రాజు తమ్ములు దానిని కొట్టి తఱిమిరి. అది యేడ్చుచు తన తల్లియగు సరమ కడకు పోయెను. సరమ దేవతల కుక్క. ఆమె బిడ్డను జూచి మొదట "నీవేమి తప్పు చేసితివి?" అని అడుగలేదు. ఏల యేడ్చుచున్నావు, నిన్నెవరు కొట్టిరి అని యడిగెను. తాను హవిస్సును నాకలేదనియు, దానివంక చూడనైన లేదనియు బిడ్డ చెప్పిన పిమ్మట ఆమె యాగశాలకు పోయి న్యాయమడిగెను. బదులు పలికినవారు లేరు. నిరపరాధిని కొట్టితిరి గావున ఎదురుచూడని భయము మీకు కలుగునని ఆమె శపించెను. నన్నయభట్టు ఈ కథను తెలుగున చెప్పి సుమారు వేయి సంవత్సరములగుచున్నది.

ఈ కథను నేడు మీ ముందుంచుటకు కారణము మన పట్టణములలో క్రొత్తగా వెలసిన యొక వ్యాపారము. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నము వంటి నగరములలో పెంపుడు కుక్కలకు స్నానము చేయించి, జుట్టు కత్తిరించి, గోళ్ళు తీసి, చెవులు తుడిచి పంపు అంగళ్ళు నేడు పెక్కు కలవు. ఈ పనిని జనులు గ్రూమింగు అందురు. ఉదయమున తోక యాడించుచు పోయిన కుక్క సాయంకాలమున ఇల్లు చేరి మంచము క్రింద దూఱును. పిలిచినను రాదు; అన్నము ముట్టదు; ఉన్నట్టుండి కూలబడి తన తోకవంక తిరిగి చూచుకొనును. ఇంటివారు "అలిగినది" అందురు. పొరుగువారు "దిష్టి తగిలినది" అందురు. ఒకటి రెండు దినములు గడచిన పిమ్మట "దీనికి పొగరెక్కినది" అందురు.

కుక్కకు స్నానము చేయించిన ముచ్చటకు రేడియోలో ప్రసంగమా యని మీరు నవ్వవచ్చును. నవ్వుడు, కాని కడవఱకు వినుడు. నోరులేని ప్రాణికి నడవడియే భాష. ఆ భాషను మనము తప్పుగా చదివినచో మనకు కలుగు నష్టము లేదు. శిక్ష దానికి పడును.

అమరసింహుడు తన కోశమున కుక్కకు పెక్కు పేర్లు చెప్పెను. మొఱుగునది కావున భషకము. మృగములను కఱచునది కావున మృగదంశకము. వీనిలో నాకు ప్రియమైన పేరు కౌలేయకము, అనగా కులమునకు, గృహమునకు చెందినది. ఇంటికి చెందిన ప్రాణికి ఇంటివారిచే విచారింపబడు హక్కు కలదు గదా!

గ్రూమింగు పిమ్మట కుక్క నడవడిలో కానవచ్చు మార్పులు మూడు మూలములనుండి పుట్టును. మొదటిది వింత, రెండవది వెఱపు, మూడవది నొప్పి. ఈ మూటిని వేఱుపఱచి తెలిసికొనుటయే గృహస్థుడు నేర్వవలసిన పాఠము.

వింత యననేమి? మనము లోకమును కన్నులతో గుర్తింతుము. కుక్క ముక్కుతో గుర్తించును. మనుష్యుని నాసికలో వాసనను గ్రహించు కణములు 50, 60 లక్షలుండగా కుక్క నాసికలో అవి 10 కోట్లకు పైబడి యుండును. దాని మేని వాసనయే దాని పేరు, దాని చిరునామా. పరిమళపు సబ్బుతో తోమినప్పుడు ఆ పేరు చెఱిగిపోవును. కావుననే స్నానమైన కుక్క చాపపై పొర్లును, మట్టిలో దొర్లును, ఇల్లంతయు పిచ్చిపట్టినట్లు పరుగులు తీయును. ఇంట రెండవ కుక్క యున్నచో అది దీనిని పరాయిదానినిగా మూచూచి గుఱ్ఱుమనుటయు కలదు. ఇవి అన్నియు స్వభావములు. ఒంటిపై తడి యుండగా దులుపుకొనుటయు నంతియే. అమెరికాలోని జార్జియా టెక్ విద్యాసంస్థకు చెందిన పరిశోధకులు తడిసిన జంతువులను వేగము గల కెమెరాలతో చిత్రించి 2012లో ఒక విషయమును ప్రకటించిరి. పెద్దజాతి కుక్క సెకనుకు నాలుగైదు మార్లు ఒడలు విదిలించి, మేని నీటిలో నూటికి 70 పాళ్ళను క్షణకాలములో వదలించుకొనునట. భగవంతుడు దానికిచ్చిన తువాలు అది.

రెండవది వెఱపు. మన చెవి సెకనుకు 20,000 కంపనముల వఱకు వినగలుగును. కుక్క చెవి సుమారు 45,000 వఱకు వినును. జుట్టును ఆఱబెట్టు గాలియంత్రము మనకు గోల మాత్రమే; దానికి అది చెవిలో తుపాను. కాలు జాఱు బల్లపై నిలిపి, మెడకు ఉచ్చు తగిలించి, ఎన్నడును చూడని మనుష్యుడు పాదములు పట్టి లాగుచుండగా ఆ ప్రాణి గంటలకొలది నిలువవలెను. పాదములు, చెవులు, తోక అను నీ మూడు చోట్లను అన్యులు ముట్టుట కుక్కకు సహజముగనే సరిపడదు. అట్టి దినమున ఇల్లు చేరి అది మూలన దాగిన, మాటిమాటికి పెదవులు నాకికొన్న, ఆవులించిన, గాఢముగ నిద్రించిన ఆశ్చర్యము లేదు. దానిని బలవంతముగ వెలికి లాగక, నీరు దగ్గఱ నుంచి, సద్దు లేని చోట విడువవలెను. మఱునాటి ప్రొద్దునకు తోక మరల ఆడినచో అది వెఱపే యని గ్రహింపవచ్చును.

మూడవది నొప్పి. దీని గుఱుతులు తెలియుట ముఖ్యము. తల నొకవైపునకు వంచి విదిలించుచు చెవి గోకికొనుచున్నచో చెవిలో నీరు చేరియుండవచ్చును. ఒక కాలు ఎత్తి కుంటుచున్నచో గోరు మిగుల కుఱచగా తీసి, లోని రక్తనాళమును తెంపియుండవచ్చును. నల్లని గోళ్ళలో ఆ నాళము కంటికి కానరాదు. నేలపై కూర్చుండి వెనుకభాగమును ఈడ్చికొనుచున్నచో తోక క్రింది గ్రంథులను గట్టిగా నొక్కియుందురు. పొట్టను గాని, తొడ లోపలి భాగమును గాని విడువక నాకుచున్నచో కత్తిరించు యంత్రము వేడెక్కి చర్మము కమలియుండును. తోక మొదలు కొంత నిలిచి, తక్కినది చచ్చినదానివలె వ్రేలాడుచున్నచో అది తోక కండరముల బాధ. చన్నీటి స్నానమైన పిమ్మట లాబ్రడారు వంటి జాతులకు ఇది కలుగుట కలదు. పెక్కుమాఱు విశ్రాంతితో కొలది దినములలో తగ్గును.

ఇవి కంటికి తెలియు బాధలు. కంటికి తెలియని దానిని గూర్చి మా యింట జరిగిన సంగతి చెప్పెదను. మా కుమారుని యింట లాబ్రడారు కుక్క యొకటి కలదు. చెవులు పెద్దవగుటచే నేను దానికి కర్ణుడని పేరు పెట్టితిని. ఆఱేండ్ల మనుమరాలు వీపుపై తల యుంచి నిద్రించినను కదలని సాధుజంతువు. ఒక వేసవిలో దానిని స్నానమునకై ఒక యంగడికి పంపిరి. ఆ సాయంకాలము అది మౌనముగ పండుకొనెను, అలసట యనుకొనిరి. మఱునాడు మెట్లెక్కలేదు, వీపు విల్లువలె వంచి నిలిచెను, గిన్నెవంక చూడలేదు. ప్రొద్దుగ్రుంకు వేళ పాప అలవాటు చొప్పున వీపుపై చేయి వేసినంతనే కర్ణుడు కుయ్యోమని అఱచి, వెంటనే పండ్లు చూపి గుఱ్ఱుమనెను. కఱవలేదు.

ఇల్లంతయు కలగుండు పడెను. పసిపిల్ల యున్న యింట ఇట్టి కుక్క తగదనియు, రేపే ఎవరికైన ఇచ్చివేయవలెననియు ఒకరనిరి. మా వాడు కోపముతో కఱ్ఱ యందుకొనెను. "నాయనా, నిలువుము. ఐదేండ్లుగా ఒక్కమాఱును గుఱ్ఱనని ప్రాణి నేడేల గుఱ్ఱనెనో తెలిసికొన్న పిమ్మట కొట్టవచ్చును" అంటిని. వాడు కఱ్ఱ దింపెను. నేను మెడనుండి మెల్లగా చేయి దించుచు రాగా నడుమువద్ద చర్మము గజగజలాడెను. చెవులు పొయ్యిమీది పెనమువలె కాలుచుండెను. ఆ రాత్రియే పశువైద్యుని కడకు కొనిపోయితిమి.

కుక్కకు సహజమైన వేడి 101 మొదలు 102.5 డిగ్రీల వఱకు. కర్ణునకు 104 దాటియుండెను. వైద్యుడు వీపుమీది వెండ్రుకలను పాయ తీసి చూపెను. క్రింద ఎఱ్ఱని పొక్కులు, కొన్నింట నెత్తురు, కొన్నింట చీము. పైనుండి చూచినవారికి నిగనిగలాడు జుట్టు తప్ప మఱేమియు కానరాదు.

ఆయన చెప్పిన కారణము మీరందఱును వినదగినది. సూడోమోనాస్ అను సూక్ష్మజీవి తడిలో, నిలువ నీటిలో పెరుగును. షాంపూను నీటితో కలిపి సీసాలలో దినములతరబడి నిలువ యుంచినచో అది యందు చేరి వృద్ధిపొందును. ఆ ద్రవమును పోసి, వెండ్రుక వాలునకు ఎదురుగా గట్టిగా రుద్దినప్పుడు రోమకూపములు చిట్లి, ఆ జీవులు చర్మములోనికి చొచ్చును. ఒకటి రెండు దినములలో జ్వరము, వీపు నొప్పి, పిదప పుండ్లు. ఆలస్యమైనచో విషము నెత్తురున కలియుటయు కలదు. కర్ణుని చీమును పరీక్షకు పంపి, తగిన మందును కొన్ని వారములు వాడించిరి. మూడవనాడు అది గిన్నె నాకెను. పాప దాని ముందఱ కూర్చుండి, వీపు ముట్టక, చెవులు మాత్రము నిమిరెను.

దీనివలన తెలియవలసినది యేమి? గుఱ్ఱుమనుట నేరము కాదు. "అచ్చట నొప్పిగ నున్నది, ముట్టకుము" అని చెప్పుటకు కుక్కకున్న మాట అదియొక్కటే. ఆ మాటను కఱ్ఱతో మాన్పించినచో, మఱుమాఱు అది చెప్పకయే కఱచును. అప్పుడు దానిని వీధికి గెంటుదురు. అట్లు ఇల్లు కోల్పోయిన కుక్కలలో నొప్పిని చెప్పుకొన్న పాపమునకు శిక్షింపబడినవి ఎన్నియో గదా!

వేసవిలో మనవారు చేయు మఱియొక పని కలదు. పొమరేనియను, స్పిట్జు వంటి బొచ్చుకుక్కలకు ఉక్కపోయునని జుట్టును నున్నగ గొఱిగింతురు. కుక్కకు మనవలె ఒడలెల్ల చెమట పట్టదు. పాదతలములందు మాత్రమే కొంత పట్టును. అది నాలుక చాచి రొప్పుటచేతనే వేడిని పోగొట్టుకొనును. దాని రెండుపొరల జుట్టు చలికి కంబళి, ఎండకు గొడుగు. ఆ గొడుగు తీసివేసినచో చర్మము ఎండకు మాడును. కొన్నింటికి జుట్టు మరల సరిగా మొలవదు. గొఱిగించుకొని వచ్చిన కుక్క సిగ్గుపడుచున్నదని పిల్లలు నవ్వుదురు. దానికి సిగ్గు కాదు. గాలియు నేలయు నేరుగా చర్మమునకు తగులుట దానికి క్రొత్త. చిక్కులు దువ్వించిన చాలును.

ఇక అంగడివారిని గూర్చి న్యాయముగ పలుకవలెను. అచ్చట పనిచేయు పిల్లలలో దయగలవారు పెక్కుమంది. వారికి లోపించినది శిక్షణము, తీఱిక. కావున పంపువారే అడుగవలెను. షాంపూ నేడు కలిపినదేనా? మనుష్యుల సబ్బు వాడుదురా? మన చర్మమునకును కుక్క చర్మమునకును ఆమ్లగుణమున భేదము కలదు గనుక అది తగదు. ఉచ్చు తగిలించి కుక్కను బల్లపై ఒంటరిగ విడిచిపోవుదురా? మమ్ము దగ్గఱ నిలువనిత్తురా? ఈ ప్రశ్నలకు విసుగుకొను అంగడిని విడిచి వేఱొకచోటికి పోవుడు. 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము, ప్రాణి ఎవరి రక్షణలో నున్నదో వారే దానికి అనవసరపు బాధ కలుగకుండ చూడవలెనని విధించుచున్నది. గొలుసు చేతికి తీసికొన్నంతసేపు అంగడివాడును, ఇల్లు చేరిన పిమ్మట మనమును ఆ విధికి బద్ధులము.

ఇంట చేయదగినవియు కొన్ని కలవు. కుక్క పిల్లగా నున్ననాటినుండి దినమున కొకమాఱు పాదములను, చెవులను, నోటిని మెల్లగా ముట్టి, చిన్న తాయిలము పెట్టి అలవాటు చేయుడు. అంగడినుండి రాగానే వెలుతురున నిలిపి, జుట్టు పాయలు తీసి, తలనుండి తోక వఱకు చూడుడు. రెండు దినములు కనిపెట్టియుండుడు. వింతయు వెఱపును గంటగంటకు తగ్గును. నొప్పియు జ్వరమును గంటగంటకు హెచ్చును. తిండి మానిన, వీపు వంచిన, ముట్టిన అఱచిన, తెల్లవాఱువఱకు ఆగక వైద్యుని చూడుడు; స్నానమెన్నడు చేయించితిరో చెప్పుట మఱవకుడు. ఆ యొక్కమాటవలన రోగము తెలియుట సులభమగును.

ముప్పదియైదేండ్లు బడిలో పనిచేసినవాడను. పాఠమడిగినప్పుడు పిల్లవాడు తలవంచి మౌనముగ నిలిచినచో, బెత్తము తీయుటకు ముందు నుదుట చేయి వేసి చూచుట ఉపాధ్యాయ ధర్మము. పిల్లవానికి జ్వరము తగ్గిన పిమ్మటనైన చెప్పుకొనుటకు నోరు కలదు. కుక్కకు అదియు లేదు. కావున మన చేయి మఱింత ముందుగా, మఱింత మెత్తగా చాపవలసియున్నది.

సెలవు.