గడువు ముందు, భూమి తరువాత

(బెంగళూరులో జరిగిన తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వహణ పద్ధతులన్నీ పాటించినప్పటికీ పెద్ద పనులు ఎందుకు విఫలమవుతాయన్నది నాకు అప్పగించిన విషయం. ఉదాహరణ కోసం దూరం పోనక్కరలేదు. మీలో అనేకులు ఎదురుచూస్తున్న బెంగళూరు సబర్బన్ రైలు ఉన్నది.

ఈ ఆలోచన 1983 నాటిది. కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది 2020 అక్టోబరులో. నాలుగు మార్గాలు, 148 కిలోమీటర్లు, 15,767 కోట్ల రూపాయలు. కేంద్రం ఐదవ వంతు, కర్ణాటక ప్రభుత్వం ఐదవ వంతు, మిగిలినది అప్పు. నిర్వహణకు రాష్ట్ర ప్రభుత్వమూ రైల్వే శాఖా కలిసి ఏర్పరచిన కె-రైడ్ సంస్థ ఉన్నది. 2022 జూన్ 20న ప్రధానమంత్రి శంకుస్థాపన చేసి, నలభై ఏళ్లుగా సాగని పని నలభై నెలలలో పూర్తవుతుందన్నారు. ఆ నలభై నెలలు 2025 అక్టోబరుతో నిండాయి. అప్పటికి నాలుగింటిలో ఒక్క మార్గం మీదనైనా రైలు కదలలేదు.

పద్ధతి లోపించిందా అంటే, లేదు. సవివరమైన నివేదిక, పనుల పట్టిక, టెండర్లు అన్నీ ఉన్నాయి. 1950ల చివర అమెరికాలో రూపొందిన క్రిటికల్ పాత్ పద్ధతిని ఇంజనీర్లు కళాశాలలోనే చదువుకుంటారు. ఏ పని ఆగితే మొత్తం ఆగుతుందో ఆ గొలుసును ముందే గుర్తించడం దాని సారాంశం. గొప్ప సాధనమే, కాదనను. అయితే ఆ పట్టికలో పునాది తవ్వడం ఒక గీత, భూమి అప్పగింత మరొక గీత. కాగితం మీద రెండూ ఒకే తీరున కనిపిస్తాయి. పునాది తవ్వేవాడు ఒప్పందానికి కట్టుబడినవాడు. ఆలస్యమైతే జరిమానా కడతాడు. భూమి ఇవ్వవలసిన రైల్వే అధికారి, రెవెన్యూ శాఖ, న్యాయస్థానానికి వెళ్లిన యజమాని – వీరిలో ఎవరూ పట్టిక గీసినవాని చెప్పుచేతలలో లేరు. మనకు పని పురమాయించడం తెలిసినంతగా ఒప్పగించడం తెలియదు.

బైయప్పనహళ్లి–చిక్కబాణావర మార్గం 25 కిలోమీటర్లు. 2022లోనే కాంట్రాక్టు ఖరారయింది. 2025లో ఆ సంస్థ, తమకు భూమి అందలేదంటూ, పని నుంచి తప్పుకున్నది. ముహూర్తం పెట్టుకొని ఆ తరువాత పిల్లను వెదకినట్లున్నది వ్యవహారం.

మరొక సంగతి. కె-రైడ్‌కు చాలాకాలం పూర్తికాలపు అధిపతి లేరు. వేరే పదవులలో ఉన్న అధికారులు అదనపు బాధ్యతగా చూశారు. ఢిల్లీ మెట్రోకు శ్రీధరన్ గారు 1997 నుంచి 2011 చివరి వరకు అధిపతిగా ఉన్నారు. మొదటి దశ 2005లో గడువుకు ముందే ముగిసింది. ఆయనకు లభించిన స్వేచ్ఛ అందరికీ లభించదన్నది నిజమే. కాని ఆయన వాడిన పట్టికలు మనవారికి తెలియనివి కావు. జవాబు చెప్పవలసిన మనిషి మారలేదు, అంతే తేడా. మన నమ్మ మెట్రో మొదటి దశ 42 కిలోమీటర్లకు 2006 నుంచి 2017 వరకు పట్టిందని కూడా గుర్తుంచుకోండి.

ఇక హోసూరు మాట. నాలుగవ మార్గం రాజానుకుంటె నుంచి హీలలిగె వరకే. అక్కడి నుంచి హోసూరుకు పొడిగించాలని 2023లో కె-రైడ్ ప్రతిపాదించగా, నైరుతి రైల్వే అధ్యయనానికే సమ్మతించలేదు. హోసూరు స్టేషను తమిళనాడులో ఉన్నా అది బెంగళూరు రైల్వే డివిజనులోనిదే. అంటే పట్టాల పెత్తనం ఒకరిది, నేల మరొక రాష్ట్రానిది, డబ్బు పెట్టవలసినది ఇంకొకరు. తెల్లవారకముందే బస్సులకై నిలబడే మన పిల్లల ప్రయాణం ఈ ముగ్గురి మధ్య చిక్కుకున్నది.

కనుక నాయకులు వచ్చినప్పుడు గడువు ఎప్పుడని అడగకండి. తేదీలు వారివద్ద ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఎన్ని ఎకరాలు చేతికి వచ్చాయి, రావలసినవి ఎన్ని, ఆ బాధ్యత ఏ అధికారిది అని 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద రాతపూర్వకంగా అడగండి. అర్జీ రాయడంలో సహాయం కావలసినవారు సభ ముగిశాక నన్ను కలవవచ్చు.