అనంత నేల అడుగున ఏముంది?



తొలకరి పడగానే అనంతపురం జిల్లా వజ్రకరూరు చేలలో జనం వజ్రాల కోసం వెతుకుతారు. ఆ వజ్రాలను పైకి మోసుకొచ్చింది కింబర్లైట్ అనే శిల. సుమారు 110 కోట్ల ఏళ్ల కిందట అది భూమి లోతుల్లోంచి తన్నుకొచ్చింది. రామగిరి దగ్గర బంగారం, తాడిపత్రి వైపు సున్నపురాయి ఉన్నాయి. 1851లో మొదలైన భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ ఇలాంటి నిక్షేపాలను పటాలకెక్కిస్తోంది.

నేల పటం సంపదనే కాదు, ముప్పునూ చెబుతుంది. 2015 చివర్లో భారీ వానల తర్వాత, పొరుగున కడప జిల్లా చింతకొమ్మదిన్నె మండలంలో నేల గుంతలు గుంతలుగా కుంగింది. సున్నపురాయిని నీరు మెల్లగా కరిగించి లోపల బొరియలు చేస్తుంది. బోర్లతో భూగర్భజలం అడుగంటితే ఆ బొరియలకు ఆసరా పోతుంది. ఆపైన జోరువాన నీరు దిగితే పైమట్టి లోపలికి జారిపోతుంది.

మరి భూకంపాల మాట? 2002 నాటి పటంలో అనంతపురం తక్కువ ముప్పున్న రెండో జోన్‌లో ఉంది. కానీ 1993 సెప్టెంబరు 30న భూకంపం వచ్చేనాటికి మహారాష్ట్రలోని కిల్లారి కూడా అతి తక్కువ ముప్పు ప్రాంతమే. అక్కడ వేలమంది చనిపోయారు. బంకమట్టితో పేర్చిన మందపాటి రాతిగోడలు, బరువైన మట్టికప్పులు మీద కూలాయి. మన పాత మిద్దెలూ అలాంటివే.

అందుకే గోడ రెండు ముఖాలనూ కలిపి పట్టే పొడవు రాళ్లు వేయించండి. కప్పు కింద చుట్టూ కాంక్రీటు పట్టీ పోయించండి. మిద్దె మీద ఏటేటా మట్టి బరువు పెంచకండి. సర్వేక్షణ సంస్థ పటాలు భూకోశ్ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. బోరుకైనా, ఇంటికైనా ముందు మీ నేలను తెలుసుకోండి.