కన్నవాడు కాదంటే



మన మోరిస్‌విల్ పక్కనే 1959లో ఏర్పడిన రిసెర్చ్ ట్రయాంగిల్ పార్కు ఉన్నది. మన పిల్లలు ఎందరో ప్రయోగశాలలలో, కంప్యూటర్ల ముందు కూర్చుని కొత్తవాటిని తయారు చేస్తున్నారు. అందుచేత ఈనాడు ఒక పాత భయానక నవలను గురించి నాలుగు మాటలు చెప్పదలచాను.

ఆ నవల పేరు ఫ్రాంకెన్‌స్టైన్. మేరీ షెల్లీ 1816 వేసవిలో, పద్దెనిమిదేళ్ల వయస్సున, జెనీవా సరస్సు ఒడ్డున దానిని మొదలుపెట్టారు. 1818లో రచయిత్రి పేరు లేకుండానే అచ్చయింది. విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ అనే యువకుడు శవాల భాగాలు పోగుచేసి ఒక జీవికి ప్రాణం పోస్తాడు. అది కళ్లు తెరవగానే హడలి పారిపోతాడు. దానికి ఒక పేరైనా పెట్టడు. ఈనాడు చాలామంది ఆ జీవినే ఫ్రాంకెన్‌స్టైన్ అంటారు. అది పొరపాటే. కాని తండ్రి ఇవ్వని ఇంటిపేరును లోకమే ఇచ్చిందని నాకు తోస్తుంది.

ఆ జీవి ఒక పేదవారి ఇంటి పక్కన దాగి, గోడ సందులోనుంచి వారి మాటలు వింటూ భాష నేర్చుకుంటుంది. సాయంకాలపు తరగతిలో తెలుగు నేర్చుకున్న నాకు ఈ ఘట్టం చదివినప్పుడల్లా గొంతు పూడుకుపోతుంది. ఆ నేర్చిన మాటలతోనే ఆ ఇంటి అంధుడైన ముసలాయనను పలకరిస్తుంది. కొడుకు వచ్చి కర్రతో కొట్టి తరుముతాడు. ఆ తరువాతనే అది హత్యలకు దిగుతుంది.

దేవుడి పనిలో మనిషి వేలు పెట్టరాదన్నదే ఇందులోని నీతి అంటారు కొందరు. నేను ఒప్పుకోను. విక్టర్ తప్పు సృష్టించడం కాదు, విడిచిపోవడం. మన విశ్వామిత్రునికి మాత్రం అహం తక్కువా? అయినా త్రిశంకు తలకిందులుగా పడిపోతుంటే ఆగమని నిలిపి, అతని కోసం నక్షత్రాలను సృష్టించాడు. పని బెడిసినా పక్కనే నిలబడ్డాడు.

పురాణం వద్దంటే, భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలచుకోండి. ఆయన 1923లో అమెరికా వచ్చి, 1940 నుండి లెడర్లీ ప్రయోగశాలలో పనిచేశారు. ఆయన బృందం చేసిన ఫోలిక్ ఆమ్ల సమ్మేళనాలను బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తపు కాన్సరు పిల్లలకు ఇస్తే, జబ్బు తగ్గకపోగా మరింత వేగం పుంజుకున్నట్లు కనిపించింది. వారు మొహం తిప్పుకోలేదు. ఫోలిక్ ఆమ్లం జబ్బును పెంచితే, దానిని అడ్డుకునే మందు తగ్గించవచ్చునని ఫార్బర్ ఆలోచించారు. అటువంటి మందులను సుబ్బారావుగారి బృందం తయారుచేసి పంపింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో 16 మంది పిల్లలలో 10 మందికి, కొంతకాలమైనా, గుణం కనిపించిందని ఫార్బర్ 1948లో ప్రకటించారు. సుబ్బారావుగారు కన్నుమూసినదీ ఆ సంవత్సరమే. ఆ కోవలోని మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది.

పిల్లలారా, పెద్ద పెద్ద ఆశలు పెట్టుకోండి. అయితే మీరు చేసినది వికారంగా లేచి నిలబడిన రాత్రి, "ఇది నాదే" అని దగ్గరకు వెళ్లండి.

తల్లిదండ్రులారా, మనమూ కన్నవారమే. మన పిల్లలు తెలుగును గోడ సందులోనుంచి వినే గతి పట్టనీయకండి. పక్కన కూర్చోబెట్టుకుని, పేరు పెట్టి పిలిచి, మాట్లాడండి.