నాయకుల వెనుక నిలబడే మనిషి
(టేకుమట్లలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సమావేశంలో డి.ఏ. బకాయిలు, వైద్య బిల్లుల గురించే మాట్లాడుకుంటున్నాము, ఈసారి వేరే విషయం ఏదైనా చెప్పమని కార్యదర్శి గారు కోరినారు. అందువల్ల దేశ నాయకుల అంగరక్షకుల చరిత్రను తీసుకున్నాను. ఇది మనకు సంబంధం లేని విషయం అనుకోవద్దు. అంగరక్షకుడు కూడా మన వంటి ప్రభుత్వోద్యోగియే. అతనికీ సర్వీసు రిజిస్టరు ఉంటుంది, సెలవు చీటీ ఉంటుంది, ఇంట్లో నామినీ ఉంటుంది. చివరికి నేను చెప్పదలచినది కూడా ఆ సంగతే.

ముందుగా మన ప్రాంతం నుంచే మొదలుపెడతాను. కాకతీయుల కాలంలో ‘లెంకలు’ అనే బంట్లు ఉండేవారు. ప్రభువు కోసం ప్రాణమిస్తామని ప్రతిన బూనిన వీరులు వారు. మన పక్కనే ఉన్న పాలంపేట రామప్ప గుడిని 1213లో కట్టించిన రేచర్ల రుద్రుడు రాజు కాదు, సేనాపతి. మహాదేవుడు యాదవులతో యుద్ధంలో చనిపోయి, గణపతిదేవుడు శత్రువుల చేతిలో బందీగా ఉన్నప్పుడు రాజ్యాన్ని చెదరకుండా కాపాడినవాడు ఈ రుద్రుడే. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన గుడి ఒక రక్షకుడు కట్టించినదని మన పిల్లలకు చెప్పవలసిన అవసరం ఉన్నది.

ఇంకొకటి. రాణి రుద్రమదేవి ఎప్పుడు మరణించినదీ చాలా కాలం తెలియలేదు. నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికిన 1289 నాటి శాసనం వల్ల ఆ సంగతి బయటపడింది. రుద్రమదేవికి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికి పుణ్యం కలగాలని భూమి దానం చేసి ఆ శాసనం వేయించినవాడు పువ్వుల ముమ్మడి అనే సేవకుడు. అంత గొప్ప రాణి మరణానికి సాక్ష్యం ఒక సేవకుడు నిలిపిన రాయి.

నిజాం కాలానికి వద్దాము. హైదరాబాదులో ‘ఏ.సి. గార్డ్స్’ అనే పేట ఉన్నది. ఏ.సి. అంటే చల్లదనమిచ్చే యంత్రం అని ఇప్పటి పిల్లలు అనుకుంటారు. కాదు, ‘ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్’ అని దాని పూర్తి పేరు. ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలు నిజాం కొలువులో గుర్రపు దళంగా ఉండేవారు. పోలీసు చర్య తరువాత దళం పోయింది. పేరు మాత్రం పేటకు మిగిలింది. వారి సంతతి వారు నేటికీ ఆ పేటలో ఉన్నారు.

ఎంత కాపలా ఉన్నా ప్రమాదం వచ్చేది రానే వస్తుంది. 1947 డిసెంబరు 4న హైదరాబాదులో నిజాం కారు మీద నారాయణరావు పవార్ బాంబు విసిరినాడు. ఆయన మన వరంగల్ వాడే. నిజాం బతికి బయటపడినాడు. ఇది జరిగి రెండు నెలలు కాకముందే ఢిల్లీలో గాంధీజీ హత్య జరిగింది. 1948 జనవరి 20న బిర్లా భవనంలో బాంబు పేలింది. ప్రార్థనకు వచ్చేవారిని తనిఖీ చేద్దామని హోం మంత్రి పటేల్ గారు అడిగితే గాంధీజీ ఒప్పుకోలేదు. పది రోజులకు, జనవరి 30న, అదే ప్రార్థన స్థలానికి నడిచి వెళ్తుండగా కాల్చి చంపినారు. నాయకుడు వద్దంటే రక్షకుడు ఏం చేయాలి అన్న ప్రశ్న ఆనాడే పుట్టింది. నేటికీ దానికి సరైన జవాబు లేదు.

మన దేశంలో అన్నిటికంటే పాతది రాష్ట్రపతి అంగరక్షక దళం. 1773లో వారన్ హేస్టింగ్స్ కాశీలో 50 మంది గుర్రపు సైనికులతో దీనిని ప్రారంభించినాడు. కాశీ రాజు చేత్ సింగ్ మరో 50 మందిని ఇచ్చినాడు. దేశ విభజన నాడు ఈ దళాన్ని కూడా భారత్, పాకిస్తాన్ పంచుకున్నాయి. వైస్రాయి బగ్గీ ఎవరికి రావాలో నాణెం ఎగరేసి తేల్చుకున్నారని ప్రసిద్ధి. అది మనకే వచ్చింది. గణతంత్ర దినం నాడు టీవీలో ఎత్తయిన గుర్రాల మీద కనిపించేది ఈ దళమే. ఇది సైన్యంలో భాగం, ఎక్కువగా గౌరవం కోసం ఉన్నది. అసలు ప్రాణరక్షణ పని పోలీసులది.

పోలీసు రక్షణ చరిత్ర చదివితే ఒక సంగతి స్పష్టమవుతుంది. ఒక ప్రాణం పోయిన తరువాతనే ఒక నియమం వచ్చింది. మనం ఆఫీసులో ప్రతి జీవో వెనుక ఒక ఫైలు ఉంటుందని అనుకునేవాళ్లం. ఈ జీవోల వెనుక మాత్రం శవపంచనామాలు ఉన్నాయి.

అమెరికాలోనూ ఇంతే. 1865లో అధ్యక్షుడు లింకన్‌ను నాటకశాలలో కాల్చిన సమయానికి కాపలా ఉండవలసిన పోలీసు తన చోట లేడు. అక్కడి సీక్రెట్ సర్వీస్ దొంగనోట్లు పట్టుకోవడానికి పుట్టిన సంస్థ. 1901లో మెకిన్లీ హత్య జరిగిన తరువాత గాని అధ్యక్షుని రక్షణ దానికి అప్పగించలేదు. 1963లో కెనెడీ పైకప్పు లేని కారులో పోతూ బలైనాడు.

మన ఇందిరాగాంధీ గారి సంగతి మీకందరికీ తెలుసు. 1980లో ఆమె మెదక్ నుంచి గెలిచినారు, చనిపోయే నాటికి మెదక్ ఎంపీయే. 1984 అక్టోబరు 31న సొంత ఇంటి ఆవరణలోనే ఇద్దరు కాపలా పోలీసులు ఆమెను కాల్చినారు. అప్పటివరకు ప్రధాని ఇంటి వద్ద రక్షణ అంటే ప్రధానంగా ఢిల్లీ పోలీసుల బాధ్యత. ఆ ఘటన తరువాత 1985లో ఎస్.పి.జి. ఏర్పడింది, 1988లో దానికి చట్టం వచ్చింది.

ఆ చట్టంలో ఒక లోపం ఉండినది. అది పదవిలో ఉన్న ప్రధానికి, ఆయన కుటుంబానికి మాత్రమే వర్తించేది. 1989లో ఓడిపోయిన రాజీవ్ గాంధీకి ఆ రక్షణ తీసివేసినారు. పదవి పోయింది గాని ప్రమాదం పోలేదు. 1991 మే 21న ఆయన విశాఖపట్నంలో ప్రచారం ముగించుకుని విమానంలో మద్రాసు వెళ్లి, అక్కడి నుంచి శ్రీపెరంబుదూరు చేరినారు. జనంలోకి వచ్చిన మహిళను అనసూయ అనే పోలీసు అధికారిణి అడ్డుకోబోతే, రాజీవే వద్దన్నారని ఆమె తరువాత చెప్పినారు. ఆ పేలుడులో రాజీవ్ వెంట ఉన్న ఢిల్లీ పోలీసు అంగరక్షకుడు ప్రదీప్ కుమార్ గుప్తా కూడా చనిపోయినాడు. రాజీవ్ పేరు అందరికీ తెలుసు. గుప్తా పేరు ఈ సభలో ఎంతమందికి తెలుసునో మీరే ఆలోచించండి.

అదే ఏడాది చట్టం సవరించి మాజీ ప్రధానులకూ రక్షణ విస్తరించినారు. ఆ ఎన్నికల తరువాతనే మంథని నుంచి ఇరవై ఏళ్లు ఎమ్మెల్యేగా ఉండిన మన పి.వి. నరసింహారావు గారు ప్రధాని అయినారు. 2019లో చట్టాన్ని మళ్లీ మార్చి, ప్రస్తుత ప్రధానికి, ఆయనతో ఒకే ఇంట్లో ఉండే కుటుంబానికి, మాజీ ప్రధానులకైతే ఐదేళ్ల వరకే అని కుదించినారు.

ఇక మన దగ్గరి సంగతి. ఆ రోజులు చూసిన వాళ్లం మనం. పగలు పోలీసులు, రాత్రి అన్నలు వచ్చే కాలం. మంత్రి ఎవరైనా మన రోడ్డున వస్తున్నారంటే ముందు రోజే ప్రతి కల్వర్టు కింద వెతికేవారు. 1993 జనవరి 27న గ్రేహౌండ్స్ స్థాపించిన కె.ఎస్. వ్యాస్ గారిని హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో చంపినారు. 1999 ఏప్రిల్ 13న మాజీ సభాపతి దుద్దిళ్ల శ్రీపాదరావు గారిని మహదేవపూర్ అడవిలో చంపినారు. అది ఇప్పుడు మన జిల్లాలోనే ఉన్నది. అదే ఏడాది సెప్టెంబరు 4న ఐపీఎస్ అధికారి ఉమేశ్ చంద్రను హైదరాబాదు ఎస్.ఆర్. నగర్ కూడలిలో కాల్చినారు. ఆయనతో పాటు గన్‌మన్, డ్రైవరు కూడా పోయినారు. 2000 మార్చి 7న మంత్రి మాధవరెడ్డి గారు ఘట్‌కేసర్ దగ్గర మందుపాతరకు బలైనారు. 2003 అక్టోబరు 1న బ్రహ్మోత్సవాలకు తిరుమల వెళ్తున్న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారి కారును అలిపిరి వద్ద పేల్చినారు. గుండు దూరని కారు కావడం వల్ల గాయాలతో బయటపడినారు. 2005 ఆగస్టు 15న నారాయణపేటలో స్వాతంత్ర్య దినోత్సవానికి వచ్చిన మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డి గారిని, ఆయన కుమారుని, మరికొందరిని చంపినారు.

ఈ వరుస చూస్తే మనిషి పక్కన మనిషి నిలబడితే సరిపోదని, దారిని, వాహనాన్ని, వేదికను, వచ్చే జనాన్ని ముందుగానే చూసుకోవాలని తెలుస్తుంది. ప్రధాని, రాష్ట్రపతి వంటి వారి పర్యటనకు ‘బ్లూ బుక్’ అనే రహస్య నియమావళి ఉంటుంది. మిగతా ప్రముఖులకు ‘ఎల్లో బుక్’. ఆ పని పోలీసులు ఒక్కరే చేసేది కాదు. రెవెన్యూ గుమాస్తాగా పనిచేసినందున నాకు తెలుసు. వేదిక గట్టిగా ఉన్నదని ఆర్ అండ్ బి వారి సర్టిఫికెట్, వైర్లు సరిగ్గా ఉన్నాయని కరెంటు వారి సర్టిఫికెట్, భోజనం పరీక్షించినట్టు ఆహార తనిఖీ అధికారి కాగితం, ఆస్పత్రిలో ఆ గ్రూపు రక్తం సిద్ధంగా ఉన్నదని డాక్టరు గారి కాగితం, దండ వేసేవారి పేర్ల జాబితా మీద పోలీసు విచారణ. ఇన్నీ చేరితే గాని ఫైలు కలెక్టర్ గారి దగ్గరకు పోదు. ఒక నాయకుడు పది నిమిషాలు మాట్లాడి వెళ్తే దాని వెనుక వంద మంది ఉద్యోగుల నిద్రలేని రాత్రులు ఉంటాయి.

రక్షణ అవసరమే. అయితే మన వద్ద అది హోదాగా కూడా మారింది. ఎక్స్, వై, జెడ్, జెడ్ ప్లస్ అని తరగతులు ఉన్నాయి. ఊళ్లలో అయితే ‘టూ ప్లస్ టూ’ అంటే అందరికీ తెలుసు. ఇద్దరు డ్యూటీలో, ఇద్దరు రిలీవరులు. ప్రమాదం ఉన్నందుకు గన్‌మన్ ఉండాలి గాని, పెళ్లికి పోతే పక్కన తుపాకి కనిపించాలని కాదు. ఖర్చు ప్రజలది. 2017 మే 1 నుంచి కార్ల మీద ఎర్ర బుగ్గలు తీసివేసినందుకు ఏ నాయకుని గౌరవమూ తగ్గలేదు. గన్‌మన్లను కూడా ప్రమాదం లెక్క చూసి ఇస్తే, ఆ కానిస్టేబుళ్లు స్టేషన్లలో ప్రజలకు పనికి వస్తారు.

గన్‌మన్ వైపు నుంచి కూడా చూడండి. నాయకుడు తిన్న తరువాత తినాలి, ఆయన పడుకున్న తరువాత పడుకోవాలి. పండుగ ఇంట్లో ఉండదు. నాయకుని బ్యాగు మోయమన్నా, పిల్లలను బడికి దించమన్నా కాదనలేడు, అది అతని డ్యూటీ కాకపోయినా. 2018 సెప్టెంబరు 23న అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావు గారిని చంపే ముందు మావోయిస్టులు గన్‌మన్ల ఆయుధాలు లాక్కున్నారు. ఒకరిద్దరు మనుషులు అడవిలో పదుల మందిని ఎదిరించలేరు. అయినా తరువాత వచ్చే మొదటి ప్రశ్న గన్‌మన్ ఏం చేసినాడు అనే.

మిత్రులారా, అలా ప్రాణం పోయిన గన్‌మన్ ఇంట్లో నెల తిరిగేసరికి జరిగేది మనకు తెలిసిన పనే. మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, ఎక్స్‌గ్రేషియా, గ్రాట్యుటీ, గ్రూపు ఇన్సూరెన్సు, కారుణ్య నియామకం. ఒక్కొక్కదానికి ఒక్కో ఫారం, ఒక్కో టేబులు. 2004 సెప్టెంబరు 1 తరువాత చేరినవారికి పాత పెన్షన్ లేదు, సీపీఎస్ వచ్చింది. సర్వీసులో మరణించిన సీపీఎస్ ఉద్యోగుల కుటుంబాలకు కూడా కుటుంబ పెన్షన్ ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2021 వేతన సవరణ సమయంలో ప్రకటించింది. ఉద్యోగ సంఘాలు అడిగి అడిగి సాధించుకున్నది ఇది. అయినా ఆ సంగతి తెలియని భార్యలు, తల్లులు ఊళ్లలో ఉండవచ్చును.

ఏటా అక్టోబరు 21న పోలీసు అమరవీరుల దినం జరుగుతుంది. 1959లో లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో పది మంది పోలీసులు చనిపోయిన రోజు అది. ఆ రోజు ప్రాణాలిచ్చిన పోలీసుల పేర్లు చదువుతారు. వాటిలో హెడ్ కానిస్టేబుళ్లు, కానిస్టేబుళ్లు ఎక్కువ. మరుసటి రోజు పేపరులో ఆ పేర్లకు చోటు దొరకదు.

కనుక నాదొక సూచన. మన సంఘంలో ట్రెజరీలో చేసినవారు ఉన్నారు, పోలీసు ఆఫీసు గుమాస్తాలు ఉన్నారు, రెవెన్యూ వారు ఉన్నారు. ఈసారి అక్టోబరు 21న మన మండలంలోనూ, చిట్యాల, మొగుళ్లపల్లి, భూపాలపల్లి వైపునా డ్యూటీలో పోయిన పోలీసుల కుటుంబాలు ఎవరెవరు ఉన్నారో స్టేషనులో అడిగి తెలుసుకుందాము. పూలదండ వేసి రావడంతో సరిపెట్టవద్దు. వారికి రావలసినది వచ్చిందా, ఏ కాగితం ఏ టేబులు మీద ఆగింది అని అడుగుదాము. అర్జీ రాయవలసి వస్తే మనలో ఒకరు రాసి, వెంట పోయి, రశీదు తీసుకుని రావాలి. నలభై ఏళ్లు మనం చేసిన పని అదే. ఆ పని ఇప్పటికీ మన చేతికి వచ్చును.