మోటారు బోటు అమ్మేసి తెరచాప పడవ ఎక్కుతున్నారు... గాలి నిజంగా ఫ్రీయేనా?

ఈ మధ్య నాకొచ్చే మెసేజ్‌లలో ఒకటే ప్రశ్న రకరకాలుగా తిరిగి తిరిగి వస్తోంది. "అన్నా, ఆ జంట ఉద్యోగాలు మానేసి క్యాటమరాన్ మీద ప్రపంచం తిరుగుతోంది. గాలి ఫ్రీ, ఎండ ఫ్రీ, వీడియోలు పెడితే డబ్బులు. మనమెందుకు చెయ్యలేం?" అడిగేవాళ్ళలో ఎక్కువమంది నాలాగే బీటెక్ చేసి, ఐటీలో ఉండి, సోమవారం పొద్దున మీటింగ్ అంటే కడుపులో తిప్పేవాళ్ళే. ఉద్యోగం మానేసి కెమెరా ముందుకొచ్చిన నేను మిమ్మల్ని "వద్దు" అనలేను. కానీ లెక్క చెప్పగలను. ఈరోజు ఆ లెక్కే చూద్దాం.

ముందు క్యాటమరాన్ అంటే ఏంటో చెప్పుకుందాం. మామూలు పడవకి నీళ్ళలో ఒకటే డొప్ప ఉంటుంది, దాన్నే హల్ అంటారు. క్యాటమరాన్‌కి పక్కపక్కన రెండు హల్స్, మధ్యలో ఇల్లు. పేరు మాత్రం మన తీరానిదే. తమిళంలో కట్టుమరం, అంటే కట్టిన మాను. మన ఉత్తరాంధ్ర జాలర్లు తెప్ప అనేది ఇలాంటి దుంగలు కట్టిన పడవనే. 1697లో అచ్చయిన తన పుస్తకంలో విలియం డాంపియర్ అనే ఇంగ్లిష్ నావికుడు కోరమాండల్ తీరంలో ఈ పేరు విని రాసుకున్నాడు. కాకపోతే మన తెప్పకి రెండు హల్స్ లేవు. ఆ డిజైన్ పసిఫిక్ ద్వీపాల పాలినేషియన్లది. పేరు మనది, పడవ వాళ్ళది. 1876లో అమెరికాలో నథానియెల్ హెరెషాఫ్ అమరిల్లిస్ అనే రెండు హల్స్ పడవ కట్టి పందెంలో మిగతా అందరినీ దాటేశాడు. ఆ తర్వాత ఆ రకం పడవల్ని మామూలు పందేల్లోంచి తప్పించేశారు. నాకు భలే నవ్వొచ్చే విషయం ఇది.

సరే, ఇప్పుడు అసలు మార్పు. మోటారు బోట్లు నడిపేవాళ్ళు తెరచాప క్యాటమరాన్‌కి ఎందుకు మారుతున్నారు?

40 అడుగుల స్పీడ్ మోటారు యాట్ అనుకోండి. రెండు డీజిల్ ఇంజిన్లు, ఒక్కోటి 350 హార్స్ పవర్. డీజిల్ ఇంజిన్‌కి ఒక హార్స్ పవర్‌కి గంటకి సుమారు 0.2 లీటర్ అని లెక్క. 70 శాతం లోడ్ మీద నడిపితే గంటకి 100 లీటర్లు ఊదేస్తుంది. వేగం 20 నాట్లు, అంటే గంటకి 20 నాటికల్ మైళ్ళు. ఒక్కో మైలుకి 5 లీటర్లు. ట్యాంక్ 1200 లీటర్లయితే 240 మైళ్ళకి ఖాళీ. విశాఖ నుంచి చెన్నైకి సముద్రం మీద 300 మైళ్ళ పైనే. చెన్నై కూడా చేరలేదు, చూశారా?

ఇదే బోటుని అట్లాంటిక్‌కి తీసుకెళ్ళండి. కానరీ దీవుల్లోని లాస్ పాల్మాస్ నుంచి కరీబియన్‌లోని సెయింట్ లూసియాకి 2700 మైళ్ళు. 13,500 లీటర్ల డీజిల్ కావాలి. లీటర్ 95 రూపాయలు వేసుకున్నా పన్నెండున్నర లక్షల పైమాటే. డబ్బున్నా అంత డీజిల్ పెట్టుకునే చోటు బోటులో ఉండదు. మెల్లగా పోయే బరువైన ట్రాలర్ రకం మోటారు యాట్‌లు సముద్రాలు దాటుతాయి, నార్డ్‌హావన్ వాళ్ళవి అలాంటివే. స్పీడ్ బోట్లు మాత్రం తీరం పక్కనే తిరగాలి.

అదే 2700 మైళ్ళు తెరచాప క్యాట్ సగటున 6 నాట్లతో పోతే 450 గంటలు, పంతొమ్మిది రోజులు పడుతుంది. డీజిల్ దాదాపు ముట్టుకోకుండానే. 1986 నుంచి ఏటా ఆర్క్ ర్యాలీలో ఈ దారిలో పడవలు గుంపుగా వెళ్తున్నాయి. గాలి వెనక నుంచి నెడుతుంది కాబట్టి.

మారేవాళ్ళు మామూలు ఒక హల్ తెరచాప పడవకి కాకుండా క్యాట్‌కే ఎందుకు పోతారంటే, అలవాటు. ఒక హల్ పడవ గాలికి ఒరుగుతుంది. వంట చేస్తుంటే గిన్నె జారిపోతుంది, మంచం మీంచి మనిషి దొర్లుతాడు. మోటారు బోటు సుఖం మరిగినవాళ్ళకి అది నచ్చదు. క్యాట్ దాదాపు ఒరగదు. లగూన్ 42 తీసుకోండి. పొడవు 12.8 మీటర్లు, వెడల్పు 7.7 మీటర్లు. మన సిటీలో చాలా టూ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లకి అంత వెడల్పు ఉండదు. నీళ్ళలో లోతు 1.25 మీటర్లే కాబట్టి ఒడ్డుకి దగ్గరగా లంగరు వేసుకోవచ్చు. ఒక్కో హల్‌కి ఒక ఇంజిన్, రెండూ దూరదూరంగా. ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి తిప్పితే పడవ ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. మోటారు బోటు నడిపినవాళ్ళ చేతికి ఇది తెలిసిన పనే.

తెలియనివి వేరే ఉన్నాయి. మొదటిది, గాలికి ఎదురు పోలేరు. గాలి దిక్కుకి 45 డిగ్రీలు పక్కకి పోయి, మళ్ళీ అటు తిరిగి, జిగ్‌జాగ్‌గా పోవాలి. మ్యాప్‌లో 10 మైళ్ళు కనీసం 14 అవుతుంది. చాలా క్యాట్‌లు 45 కూడా పోలేవు, ఇంకా పక్కకే పోతాయి. అప్పుడు ఏం చేస్తారు? ఇంజిన్ వేస్తారు. వీడియోలో మీకు కనపడేది నిండుగా ఉబ్బిన తెరచాప, వెనకాల మ్యూజిక్. గాలి పడిపోయి రోజంతా ఇంజిన్ డుగుడుగుమన్న ముక్క ఎడిటింగ్‌లో పోతుంది.

రెండోది ఇంకా సీరియస్. ఒక హల్ పడవ కింద బరువైన కీల్ ఉంటుంది. గాలి ఎక్కువైతే ఒరిగి "బాబూ, తెరచాప తగ్గించు" అని చెప్తుంది. తలకిందులైనా ఆ బరువు మళ్ళీ లేపుతుంది. క్యాట్ ఒరగదు, అందుకే చెప్పదు. సుఖంగా కాఫీ తాగుతూనే ఉంటారు, లోడ్ పెరిగిపోతూ ఉంటుంది. ఒకసారి బోర్లా పడితే తనంతట తాను లేవదు. కాబట్టి క్యాట్‌లో మనసుకి అనిపించినదాన్ని బట్టి కాదు, గాలి మీటర్‌లో నంబర్ చూసి తెరచాప కుదించాలి. దీన్ని రీఫింగ్ అంటారు. ఎన్ని నాట్లకి ఎంత కుదించాలో పడవ తయారుచేసినవాళ్ళే టేబుల్ ఇస్తారు. మన సర్వర్‌కి అలర్ట్ లిమిట్ పెట్టుకున్నట్టే. యూజర్లు ఫోన్ చేసేదాకా ఆగితే ఏమవుతుందో మీకు తెలుసు.

మూడోది రాత్రి కాపలా. ఇద్దరే ఉంటే మూడు నాలుగు గంటలకొకసారి వంతు మార్చుకుంటూ ఇరవై రోజులు. మన ఆన్-కాల్ డ్యూటీ లాంటిదే అనుకోండి. కాకపోతే ఇక్కడ టికెట్ ఇంకొకళ్ళ మీదకి తోసేసి పడుకోలేం.

ఇప్పుడు కెమెరా సంగతి. క్యాటమరాన్ మీద ట్రైపాడ్ నిలబడుతుంది, లోపల వెలుతురు బాగుంటుంది, ఒక హల్‌లో కూర్చుని ఎడిటింగ్ చేసుకోవచ్చు. అందుకే మన ఫీడ్ నిండా క్యాట్‌లే. ఒరిగిన పడవలో మూడు రోజులుగా కక్కుకుంటున్న మనిషి వ్లాగ్ తీయడు కదా. పైగా కెమెరా అలల్ని చదును చేసేస్తుంది. మూడు మీటర్ల అల స్క్రీన్ మీద చెరువులో కదలికలాగా ఉంటుంది.

డ్రోన్ షాట్ వెనక కథ వినండి. డ్రోన్‌కి రిటర్న్ టు హోమ్ ఉంటుంది, కానీ ఆ హోమ్ పైకి ఎగిరిన చోటు. పడవ ముందుకెళ్ళిపోయింది. బటన్ నొక్కితే డ్రోన్ బుద్ధిగా వెనక్కెళ్ళి ఖాళీ సముద్రంలో దిగుతుంది. అందుకే ఒకరు నడుపుతుంటే ఇంకొకరు చేత్తో పట్టుకుంటారు, తిరిగే రెక్కల కింద చెయ్యి పెట్టి. ఇక మైక్‌కి గాలి హోరు, లెన్స్‌కి ఉప్పు పొర. నెట్ ఇప్పుడు నయం. 2022లో స్టార్‌లింక్ సముద్రం మీదకి వచ్చింది. అంతకుముందు వీడియో అప్‌లోడ్ చెయ్యాలంటే రేవులో దిగి వైఫై ఉన్న కాఫీ షాప్ వెతుక్కోవాల్సిందే.

ఉదాహరణకి సెయిలింగ్ లా వాగాబాండ్. ఆస్ట్రేలియాకి చెందిన రైలీ, ఎలేనా. వాళ్ళు మోటారు బోటు నుంచి రాలేదు. ఒక హల్ తెరచాప పడవతో మొదలెట్టి, ఛానెల్ పెరిగాక అవుట్‌రీమర్ 45 అనే క్యాట్‌కి మారారు. 2019లో వాతావరణ సదస్సు చిలీ నుంచి మాడ్రిడ్‌కి మారినప్పుడు విమానం ఎక్కని గ్రెటా థన్‌బర్గ్ అమెరికాలో ఇరుక్కుపోయింది. ఆమెని ఆ క్యాట్‌లోనే తీసుకెళ్ళారు. నవంబర్ 13న వర్జీనియాలో బయల్దేరి డిసెంబర్ 3న లిస్బన్ చేరారు. పక్కన నిక్కీ హెండర్సన్ అనే ప్రొఫెషనల్ సెయిలర్ కూడా ఉంది. ఏళ్ళ తరబడి పడవ మీద బతికినవాళ్ళు కూడా ఆ సీజన్‌లో ఉత్తర అట్లాంటిక్ దాటడానికి ఇంకో నిపుణురాలిని పెట్టుకున్నారు. ఇది గుర్తుంచుకోండి.

ఇక డబ్బు. సెకండ్ హ్యాండ్‌లో 42 అడుగుల మంచి క్యాట్ మూడు నాలుగు లక్షల యూరోలు. మన డబ్బుల్లో మూడు కోట్లు అనుకోండి. ఏటా పడవ ధరలో పదో వంతు ఖర్చవుతుందని సెయిలర్లలో పాత లెక్క ఒకటుంది. ముప్పై లక్షలు! తెరచాపలు చిరుగుతాయి, మాస్ట్‌ని పట్టుకునే స్టీల్ వైర్లు పది పదిహేనేళ్ళకి మార్చాలి, రెండు ఇంజిన్లు అంటే రెండు సర్వీసింగులు. వెడల్పు ఎక్కువని చాలా మెరీనాల్లో పార్కింగ్‌కి ఒకటిన్నర రెట్లు తీసుకుంటారు. గాలి ఫ్రీ. ఆ గాలిని పట్టే సామాను ఫ్రీ కాదు.

వీడియోల్లో ఎవరూ చెప్పని ఇంకోటి, పాస్‌పోర్ట్. ఆస్ట్రేలియా, అమెరికా పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు చాలా దేశాల్లో దిగి ముద్ర వేయించుకుంటారు. మనకి ముందే వీసా కావాలి. వీసాకి తేదీ కావాలి. తెరచాప పడవ తేదీ ఇవ్వలేదు. యూరప్‌లో షెంగెన్ రూల్ ప్రకారం 180 రోజుల్లో 90 రోజులే ఉండాలి, గాలి లేదని చెప్తే ఆఫీసర్ వినడు.

ఇక్కడ నాకు మన ఊరి సంగతి గుర్తొస్తుంది. మాది వైజాగ్. మన తీరంలో కథ రివర్స్‌లో నడిచింది. తెరచాప కట్టిన తెప్పలు పోయి, 1980ల తర్వాత ఫైబర్ బోట్లు, వాటికి ఇంజిన్లు వచ్చాయి. ఇప్పుడు కూడా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఇంజిన్ పడవలకే, ఇంజిన్ లేని సంప్రదాయ పడవలకి లేదు. అయినా ఎవరూ తెరచాపకి తిరిగి పోవట్లేదు. పొద్దున్నే చేప రేవుకి చేరాలి, ఆలస్యమైతే రేటు పడిపోతుంది, తుపాను హెచ్చరిక వస్తే త్వరగా ఒడ్డుకి రావాలి. వాళ్ళకి డీజిల్ ఖరీదే, కానీ టైమ్ ఇంకా ఖరీదు. తెరచాపకి మారిన మోటారు బోటు మనిషి దగ్గర డీజిల్ డబ్బు కన్నా టైమ్ ఎక్కువుంది. అంతే తేడా. మీరు ఈ ఇద్దరిలో ఎవరికి దగ్గరో మీ ఈఎంఐ లిస్ట్ తీసి చూసుకోండి.

అంటే సముద్రం మనది కాదనా? కానే కాదు. 2017 సెప్టెంబర్ 10న గోవా నుంచి ఐఎన్ఎస్‌వి తారిణి బయల్దేరింది. ఒక హల్ తెరచాప పడవ, ఆరుగురు నేవీ మహిళా ఆఫీసర్లు. ప్రపంచం చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు. అందులో పాతపల్లి స్వాతి వైజాగ్ అమ్మాయి, బొడ్డపాటి ఐశ్వర్య హైదరాబాద్ అమ్మాయి. ఎందుకో మన ఫీడ్‌లో వీళ్ళు కనపడరు.

నిజంగా సరదా ఉంటే మూడు కోట్లు అక్కర్లేదు. హైదరాబాద్‌లో ఉంటే హుస్సేన్ సాగర్‌లోనే సెయిలింగ్ క్లబ్‌లు ఉన్నాయి. ఏటా హైదరాబాద్ సెయిలింగ్ వీక్ అక్కడే జరుగుతుంది. చిన్న డింగీ ఎక్కండి, నాలుగుసార్లు నీళ్ళలో పడండి. గాలి ఎటు నుంచి వస్తోందో చెంపకి తెలియడం మొదలయ్యాక, గోవాలోనో థాయిలాండ్‌లోనో నలుగురు కలిసి ఒక వారం క్యాట్ అద్దెకి తీసుకోండి, స్కిప్పర్‌తో సహా. మూడో రాత్రి లంగరు జారి, ఒంటి గంటకి లేచి వానలో మళ్ళీ వేసినప్పుడు కూడా మీకు నవ్వొస్తే, అప్పుడు మళ్ళీ మెసేజ్ పెట్టండి. మనం వీసాల లిస్ట్ తయారు చేద్దాం.

వచ్చే ఎపిసోడ్‌లో పడవ మీద కరెంట్ గురించి మాట్లాడుకుందాం. సోలార్, లిథియం బ్యాటరీ, రోజుకి ఎన్ని యూనిట్లు కావాలి, అన్నీ లెక్కలతో. ఉంటానండీ.