కొన్న కారు, కట్టిన కారు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పయ్యేళ్లు లేత్ మీద నిలబడినవాణ్ణి, ఉపన్యాసాలు నాకు రావు. ఒక బొమ్మకారు సంగతి చెబుతాను. బొమ్మ అంటే మా మేనల్లుడికి కోపం. 1977లోనే అమెరికాలోని పొమోనాలో వీటికి ప్రపంచ పోటీలు జరిగాయంటాడు.

వాడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. కాలేజీలో రిమోట్ కార్ల పందెం పెట్టారు. బ్యాటరీవి కావు, నైట్రో ఇంజనుతో పొగ వదులుతూ పోయేవి. "కిట్ కొంటే బిగించడమే కదా మామూ, అన్నీ మనమే చేద్దాం" అన్నాడు. నాకూ పౌరుషం వచ్చింది.

ముందు ఇంజనుతోనే మొదలుపెట్టాం. అది చూడటానికి నిమ్మకాయంత, 3.5 సీసీ. కానీ నిమిషానికి 30,000 చుట్లకు పైన తిరుగుతుంది. స్పార్క్ ప్లగ్గు లేదు. గ్లో ప్లగ్గులో ప్లాటినం తీగ చుట్ట ఉంటుంది. దాన్ని మొదట బ్యాటరీతో ఎర్రగా కాల్చి వదిలేస్తే, తర్వాత మిథనాల్ ఆవిరి తగిలి తనంతట తనే కాలుతూ ఉంటుంది. పిస్టన్‌కు రింగులు లేవు. ఇత్తడి లైనర్, లోపల క్రోమ్ పూత, పైకి పోయేకొద్దీ వెంట్రుకవాసి సన్నం. చల్లగా ఉంటే పిస్టన్ పైన బిగుసుకుంటుంది, వేడెక్కితే లైనర్ విచ్చుకొని సరిపోతుంది. ఆ వెంట్రుకవాసి నా లేత్‌కు అందలేదు. రెండు లైనర్లు పాడుచేసి దండం పెట్టాను.

ఇంజను, రేడియో, డిఫరెన్షియళ్లు, టైర్లు కొన్నాం. ఛాసిస్ మటుకు అల్యూమినియం పలకతో మేమే కోశాం. ఇంజను బిగించే రంధ్రాలు అర మిల్లీమీటరు తేడా వచ్చాయి, ప్లాస్టిక్ గేరు పళ్లు కాసేపట్లోనే రాలిపోయాయి. రెండు గేర్ల మధ్య కాగితం ముక్క పెట్టి బిగించి, తర్వాత కాగితం లాగేస్తే కావలసిన సందు వస్తుందని అప్పుడు నేర్చుకున్నాం. ఖర్చు లెక్క చూస్తే కిట్ కంటే తక్కువేమీ కాలేదు.

ఇక అసలు సంగతి. మా పేట చివర ఖాళీ స్థలంలో నడిపి చూస్తున్నాం. పిల్లలంతా చుట్టూ చేరారు. కారు అదురుకు రిసీవర్‌కు పోయే బ్యాటరీ వైరు ఊడింది. సర్వో ఎక్కడున్నది అక్కడే ఆగిపోయింది, అంటే కార్బురేటర్ పూర్తిగా తెరిచి! మూడు కిలోల పైచిలుకు లోహం, బ్రేకు లేదు. ఒక పిల్లవాడి కాలికి జానెడు దూరంలో పోయి గోడకు కొట్టుకుంది. వాడి తల్లి ఇవాళ ఈ సభలోనే ఉంది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

తర్వాత ఒక స్నేహితుడి కిట్ పుస్తకం తెప్పించి చూశాం. కార్బురేటర్‌ను వెనక్కి లాగి మూసే చిన్న స్ప్రింగు బొమ్మ అందులో ఉంది. "చూశాను మామూ, ఎందుకో తెలియక వదిలేశాను" అన్నాడు మావాడు. రేడియోలో ఫెయిల్‌సేఫ్ ఉందిగా అని వాడి ధీమా. అది సిగ్నల్ పోతే పనిచేస్తుంది, కరెంటే పోతే ఏం చేస్తుంది? రూపాయల్లో దొరికే స్ప్రింగు.

కిట్ బిగించిన కుర్రవాడికి మాత్రం అదెందుకో తెలుసా అంటే, చాలామందికి తెలియదు. బొమ్మలో ఉందని పెడతారు. అందుకే మేము ఒక పాత కిట్ కారు కొని, పూర్తిగా విప్పి, ప్రతి ముక్కా ఎందుకుందో చెప్పుకుంటూ మళ్లీ బిగించాం. ఆ తర్వాతే మా ఛాసిస్ రెండోసారి కోశాం. పందెంలో మాది వెనకవరసే. సగంలో క్లచ్ స్ప్రింగు విరిగింది. కానీ ఎవరికీ దెబ్బ తగల్లేదు.

తల్లులకొక మాట. ఈ ఇంధనంలో మిథనాల్, నైట్రోమీథేన్, నూనె ఉంటాయి. మిథనాల్ కడుపులోకి పోతే కళ్లు పోతాయి, ప్రాణమూ పోతుంది. దాని మంట పగటివెలుగులో కంటికి కనబడదు. డబ్బా తాళంలో ఉండాలి, మంచినీళ్ల సీసాల్లో పోయకూడదు.

సరదా ఉన్న పిల్లలు ఆదివారం మా షాపుకు రావచ్చు. పాత కిట్ కారు అక్కడే ఉంది, విప్పుకోవచ్చు.